ఐతమ్మ వెయ్యని ముడి

మరువకొండ అని ఒకానొక రాజ్యం ఉండేది. ఎక్కడుందని అడక్కండి, మధ్యలో ఎవరన్నా అడ్డొస్తే నాకు కథ సాగదు. ఆ రాజ్యాన్ని ఉద్దండరాయుడు ఏలేవాడు. ఏలడమంటే ఏముంది లెండి, పొద్దున్నే అద్దం ముందు నిలబడ్డవాడు భోజనాల వేళకి గాని పక్కకి జరిగేవాడు కాదు. కొలువుకో అంగీ, భోజనానికో అంగీ, సాయంత్రం వాహ్యాళికి ఇంకో అంగీ. మనిషి పరమ దుర్మార్గుడని నేననను. కానీ బట్టల పిచ్చీ గొప్పల పిచ్చీ ఒకే ఒంట్లో చేరాయి, అలాంటివాడి చుట్టుపక్కల బతకడం మహా కష్టం.

దానికి తోడు ఇంకో జబ్బు. ఆయన నోట మెప్పు మాట రాదు. వంటవాడు ప్రాణం పెట్టి వండితే "ఊఁ" అంటాడు. గాయకుడు గొంతు చించుకుని పాడితే "కానీ, కానీ" అంటాడు. మరీ ముచ్చట పడిపోతే "పరవాలేదు". అంతకు మించి ఇంకో మాట ఆ నోట విన్నవాళ్ళు లేరు. ఎవరినన్నా మెచ్చుకుంటే తన గొప్పలోంచి ఒక ముక్క కోసి వాళ్ళ చేతిలో పెట్టినట్టని ఆయన భయం.

ఆయన కొలువులో కొమ్మన అనే విదూషకుడు ఉండేవాడు. రాజుకి కోపం వస్తే నవ్వించాలి, నవ్వుతూ కూచుంటే పని గుర్తు చెయ్యాలి, అదీ వాడి ఉద్యోగం. బక్కపలచని మనిషి. ఎవరు తిట్టినా తల ఊపుతూ వినేవాడు. అందుకే వాడి తలలో ఏముందో ఎవరికీ తెలిసేది కాదు.

ఇక రాజుగారి అక్కమొగుడు చెంగలరాజు. పొరుగు రాజ్యానికి ప్రభువు. పండక్కో పబ్బానికో వచ్చినప్పుడల్లా ఏదో ఒక కొత్తరకం అంగీ తొడుక్కుని దిగేవాడు. దిగీ దిగగానే బావమరిదిని పైనుంచి కిందిదాకా చూసి, "ఏమయ్యా బావమరిదీ, ఇది పోయినేడాదిది కాదూ?" అనేవాడు. అనేసి హాయిగా భోంచేసి వెళ్ళిపోయేవాడు. ఉద్దండరాయుడికి మాత్రం నెల రోజులు అన్నం సయించేది కాదు.

ఈసారి అలా కాకూడదనుకున్నాడు. బావ నోరు మూయించే అంగీ ఒకటి కావాలి. అలాంటిది కుట్టగల చెయ్యి రాజ్యం మొత్తంలో ఒక్కటే ఉంది. ఆ చెయ్యి ఐతమ్మది.

ఐతమ్మ గురించి కాస్త చెప్పాలి. సాలెవీధిలో ఉండేది. నోరు పెద్దది. కూరగాయల బేరం దగ్గర ఐతమ్మ గొంతు లేస్తే ఆ వీధిలో ఇంకెవరి బేరమూ సాగేది కాదు. మొగుడు మంచాన పడి ఏళ్ళయింది. ఇల్లు గడిచేది ఆవిడ సూది మీదే. గుడ్డని చట్రానికి బిగించి కట్టి, దాని ముందు బాసింపట్టు వేసుకు కూచునేది. పైన కొక్కెం సూది, కింద దారం. సూది దిగుతుంది, దారాన్ని మెలికగా పైకి లాక్కొస్తుంది. ఆ మెలికలోంచే మళ్ళీ దిగుతుంది, ఇంకో మెలిక లాక్కొస్తుంది. మధ్య మధ్య ఒక పూస, ఒక తళుకు, ఒక ముత్యం. అదే గొలుసుకుట్టు. చూస్తుంటే గుడ్డ మీద తీగ పాకి, పువ్వు విచ్చి, పిట్ట వచ్చి వాలేది.

అయితే ఈ గొలుసుకుట్టులో ఒక తిరకాసు ఉంది. మెలికలో మెలిక కదా! చివరి మెలికకి ముడి పడేదాకా పనంతా ఆ కొస మీదే ఉంటుంది. కొస పట్టుకుని లాగారా, వచ్చిన దారినే సర్రున వెనక్కి పోతుంది. అందుకే ఐతమ్మ ఇంట్లో వాళ్ళమ్మమ్మ నాటినుంచి ఒక ఆచారం. పని అంతా అయ్యాక, గుడ్డ కుట్టించుకున్నవాళ్ళు చూసి నోరారా "బాగుంది" అనాలి. అప్పుడే చివరి ముడి. దానికి మెప్పు ముడి అని పేరు. నచ్చలేదంటే కొస లాగేసి మళ్ళీ మొదలుపెట్టేది. కోమటి సెట్టిగారి భార్య అయినా సరే, పూజారి కోడలైనా సరే, ఆ మాట అనకపోతే ఐతమ్మ ముడి వేసేది కాదు. ఎవరికైనా అనడానికి ఏం కష్టం? రవిక చూడగానే వాళ్ళంతట వాళ్ళే అనేసేవాళ్ళు.

రాజుగారి అంగీకి ఐతమ్మ ఒక వానాకాలమంతా కూచుంది. నీలం పట్టు. రొమ్ము మీద నెమలి నిలబడింది. దాని తోక పొట్ట మీదుగా కిందికి పారి ముందు అంచు దాకా వచ్చింది. తోకలో ఒక్కో కన్నుకీ పచ్చపూస, దాని చుట్టూ బంగారు తళుకు, దాని చుట్టూ ముత్యాలు. అంతా ఒక్కటే దారం. కొస మాత్రం ముందు అంచు లోపలివైపు వదిలేసి ఉంది, ముడి లేకుండా.

అంగీ తెచ్చి రాజు ముందు పరిచిన రోజున కొమ్మన అక్కడే ఉన్నాడు. ఉద్దండరాయుడు చూశాడు. చూసి అలాగే ఉండిపోయాడు. నోరు తెరుచుకుంది. చెయ్యి దానంతటది వెళ్ళి నెమలి మెడ నిమిరింది. నమిలే తాంబూలం నమలడం మరిచిపోయాడు.

"బాగుందా ప్రభూ?" అంది ఐతమ్మ. "తమరి నోటితో ఆ ఒక్క మాట అంటే ముడి వేసేస్తాను."

రాజు తేరుకున్నాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఊఁ" అన్నాడు.

"ఊఁ అంటే కాదు ప్రభూ. బాగుందనాలి. మా ఇంటి ఆచారం."

"నీ ఆచారం నా దగ్గరా? మేము తొడుక్కుంటున్నాం, అదే నీకు గొప్ప. మా చేత బాగుందనిపించుకునే వస్తువు ఇంకా పుట్టలేదు."

ఐతమ్మ మూతి ముడుచుకుంది. సరే, ఇష్టం, అన్నట్టు సూది తీసి కొప్పులో గుచ్చుకుంది. అంతటితో పోయేదే. కానీ రాజు మళ్ళీ అంగీ వంక చూశాడు. చూస్తూ చూస్తూ మొహం నల్లబడింది. ఆయనకి పాడు ఆలోచన ఒకటి వచ్చింది.

"రేపు బావ ఇది చూస్తాడు. చూసి ఊరుకుంటాడా? ఎవరు కుట్టారో కనుక్కుని, ఇంతకన్నా పెద్ద నెమలిని కుట్టించుకోడూ?" అని, ఒక్క క్షణం ఆగి, పక్కనున్న భటుడితో మామూలుగా, మంచినీళ్ళు తెమ్మన్నంత మామూలుగా అన్నాడు. "దీని కుడిచేతి బొటనవేలు తీయించెయ్యండి."

వింటున్నారా? వానాకాలమంతా కళ్ళు పోగొట్టుకుని కుట్టినదానికి బహుమానం అది! మంత్రిగారి చేతిలోంచి విసనకర్ర జారిపడింది. అంత నోరున్న ఐతమ్మ, ఊరంతా హడలే ఐతమ్మ, ఒక్క మాట పెగలక తన బొటనవేలిని ఎడమచేతి పిడికిట్లో దాచుకుని నిలబడింది.

"ఏమిటా చూపులు?" అన్నాడు రాజు. "ప్రాణం తియ్యమనలేదుగా! ఒక్క వేలు. ఇంటికి బియ్యం మేమే పంపిస్తాం. ఇలాంటి అంగీ ఈ లోకంలో ఒక్కటే ఉండాలి, అది మా ఒంటి మీద ఉండాలి. ఊఁ, కానివ్వండి."

భటుడు అడుగు ముందుకు వేశాడు. అప్పుడు కొమ్మన చప్పట్లు కొట్టాడు.

"ఆహా! ఏం ఆలోచన ప్రభూ! కానీ ఇవాళ వద్దు."

"ఏం?"

"ఇవాళ నరికిస్తే చూసేదెవరు? నేనూ, ఈ మంత్రిగారూను. రేపు నిండు కొలువులో బావగారు అంగీ చూసి, 'ఎవరు కుట్టారు?' అని అడగాలి. అడిగిన మరుక్షణం ఆయన కళ్ళముందే వేలు తెగిపడాలి. అప్పుడు చూడాలి ఆయన మొహం! చేతికి అందిన నెమలి ఎగిరిపోయినట్టుండదూ?"

రాజు పొట్ట పట్టుకుని సంబరపడిపోయాడు. "పరవాలేదురా కొమ్మనా! రేపే కానివ్వండి" అని అద్దం ముందుకి వెళ్ళిపోయాడు.

మిగిలినవాళ్ళు కొమ్మన వంక చూసిన చూపు ఉందే, అబ్బో! మంత్రి అయితే మొహం తిప్పేసుకున్నాడు. ఐతమ్మని కాపలాలో పెట్టడానికి తీసుకుపోతుంటే కొమ్మన వసారాలోకి వెంటపడి వచ్చాడు. అప్పటికి ఆవిడకి గొంతు వచ్చింది.

"నీ నోట్లో మన్ను పడ! నీ జిహ్వ పడిపోను! రేపటిదాకా నన్ను చంపి చంపి చూడాలనా? నీకు అక్కచెల్లెళ్ళు లేరట్రా?"

కొమ్మన అన్నీ విన్నాడు, తల ఊపాడు. "అక్కా, ముడి వేశావా?" అన్నాడు.

"నా వేలు పోతుంటే నీకు ముడి గోలా!"

"వేశావా, లేదా?"

"ఎలా వేస్తాను? ఆయన అన్నాడా? అననిదే వెయ్యను. నా వేలు కాదు, నా పీక తెగినా వెయ్యను."

"అమ్మయ్య" అని కొమ్మన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఐతమ్మ ఇంకా ఏవేవో శాపాలు పెడుతూనే ఉంది.

తెల్లవారింది. రాజుకి అంగీ తొడిగారు. పరిచారకులు వెనకాల గుండీలు పెడుతుంటే కొమ్మన ముందు నిలబడి అంచు సర్దాడు. సర్దుతూ లోపలివైపు ఉన్న దారం కొసని చిటికెడంత బయటికి లాగి వదిలాడు. రాజు అద్దంలో తన మొహమే చూసుకుంటున్నాడు గనక అది చూడలేదు.

కొలువు కిటకిటలాడిపోయింది. చెంగలరాజు వచ్చాడు, ఎర్రపట్టు మీద వెండి చుక్కల అంగీతో. అలవాటు ప్రకారం "ఏమయ్యా బావమరిదీ..." అని మొదలుపెట్టి సింహాసనం వంక చూశాడు. కిటికీలోంచి ఎండ పడుతుంటే నెమలి తోకలో కన్నులన్నీ మెరుస్తున్నాయి. చెంగలరాజు రెండడుగులు ముందుకి వేశాడు, కళ్ళు నులుముకున్నాడు, మళ్ళీ చూశాడు.

"ఓరి నాయనో! ఎవరు కుట్టారయ్యా ఇది?"

ఈ మాట కోసమేగా ఇన్నేళ్ళు కాచుక్కూచున్నది! ఉద్దండరాయుడు మీసం దువ్వుకున్నాడు. "చూపిస్తాను బావగారూ. తొందరేముంది? బాగా చూడండి, మళ్ళీ చూడ్డానికి ఉండదు" అని చప్పట్లు చరిచాడు.

ఐతమ్మని ఇద్దరు భటులు పట్టుకొచ్చారు. వెనకాల తలారి వచ్చాడు, చంకలో చెక్కమొద్దు, చేతిలో కత్తి. మొద్దు నేల మీద పెట్టాడు. ఐతమ్మ కుడిచెయ్యి దాని మీద పెట్టించాడు.

"ఇదేమిటి? ఏం చేస్తున్నావు?" అన్నాడు చెంగలరాజు.

"ఈ నెమలిని కుట్టిన వేలు అదే. ఇప్పుడు తీసేస్తున్నాం. ఇంక మీరు ఎంత ఆశపడ్డా లాభం లేదు."

చెంగలరాజు కొయ్యబారిపోయాడు. "నీకు మతి పోయిందటయ్యా! అంగీ కోసం ఆడమనిషి వేలు నరికిస్తావా? మీ అక్కకి తెలిస్తే నీ గడప తొక్కుతుందా?" అని అరిచాడు. కొలువులో ఆడవాళ్ళు చెంగులు నోట్లో కుక్కుకున్నారు. కొందరు కళ్ళు మూసుకున్నారు. రాజుకి మాత్రం బావ మొహం చూస్తుంటే పాయసం తిన్నంత తృప్తిగా ఉంది. తలారి కత్తి ఎత్తాడు.

"ప్రభూ, ఒక్క మాట" అన్నాడు కొమ్మన, చెవిలో చెప్పినట్టు, కానీ అందరికీ వినపడేటట్టు. "అంచు దగ్గర ఏదో దారప్పోగు వేలాడుతోంది. బావగారు ఇందాకటినుంచి అటే చూస్తున్నారు."

రాజు గబుక్కున కిందికి చూశాడు. నిజమే, చిన్న పోగు. ఇంత గొప్ప అంగీకి అంత పోగా! బావ చూస్తున్నాడే! వేలాడే దారం కనబడితే మనమైనా ఊరుకుంటామా, చెయ్యి దానంతటది పోదూ? రాజు పోగుని వేలికి చుట్టి ఒక్క గుంజు గుంజాడు.

సర్ర్ర్‌మంది.

మొదట ఒక పూస నేల మీద పడింది. టక్. తరవాత గుప్పెడు పడ్డాయి. తోక చివర ఉన్న కన్ను ఒకటి చూస్తుండగానే మాయమైపోయింది. రాజు అదిరిపడి చెయ్యి విదిలించాడు. చేతినిండా ఉంగరాలాయె! దారం ఉంగరానికి చుట్టుకుంది. విదిలించినకొద్దీ ఊడుతోంది, ఊడినకొద్దీ చుట్టుకుంటోంది. పచ్చపూసలు, తళుకులు, ముత్యాలు జలజలా రాలి మెట్ల మీదనుంచి దొర్లుకుంటూ కొలువంతా పాకాయి. "పట్టుకోండి! పట్టుకోండి!" అని మంత్రి లేచి పరిగెత్తబోయి, పూసల మీద కాలేసి, వెల్లకిలా పడి, అలాగే జారుకుంటూ పోయి చెంగలరాజు కాళ్ళ దగ్గర ఆగాడు.

"ఏమిటిది? ఏమిటిది? ఎవరు చేశారీ పని?" అని రాజు గర్జించాడు. గర్జించినప్పుడల్లా ఆ మహా పొట్ట ఉబికేది. ఉబికినప్పుడల్లా ఇంకో కన్ను రాలిపోయేది. నెమలి తోక సగం పోయింది. ఇంక పొట్ట మీద ఉత్త నీలం పట్టు, సూది దిగిన బెజ్జాలు.

"లాగకండయ్యోయ్!"

ఆ కేక ఐతమ్మది. వేలు మొద్దు మీద ఉంది, కత్తి గాల్లో ఉంది, అదేదీ ఆవిడకి గుర్తులేదు. తన వానాకాలమంతా కళ్ళముందు రాలిపోతుంటే ఆవిడ ఆగుతుందా! భటుల్ని చెరోవైపుకీ తోసేసి ఒక్క ఉరుకున మెట్లెక్కింది. దిగిన కత్తి ఉత్త మొద్దులో దిగబడింది. ఐతమ్మ పోయి రాజు అంగీ అంచు పట్టుకుని, ఊడిపోతున్న మెలిక మీద కుడి బొటనవేలు అదిమి, చూపుడువేలు అంగీ లోపలినుంచి పెట్టి గట్టిగా నొక్కి పట్టింది. పూసలు ఆగిపోయాయి.

రాజు పొట్ట మీద ఒక కుట్టుపని మనిషి చెయ్యి! అలాంటిది ఆ గోడలు ఎన్నడూ చూసి ఉండవు. ఐతమ్మకి కూడా అప్పుడే తెలిసింది తను ఎక్కడ నిలబడి ఉందో. అయినా వేలు మాత్రం కదలనివ్వలేదు.

అందరికన్నా ముందు కొమ్మన నోరు విప్పాడు.

"ఏమయ్యా తలారీ, ఇంకా చూస్తావేం? వేలు ఎక్కడికీ పోలేదు, అదిగో. ప్రభువులవారి ఆజ్ఞ ఆజ్ఞే. పోయి నరుకు."

తలారి పాపం ఆజ్ఞ తప్పితే ఇంకేం తెలియని మనిషి. మొద్దులోంచి కత్తి ఊడబెరుక్కుని మెట్లెక్కి వచ్చాడు. ఐతమ్మ వేలు చూశాడు. వేలి వెనక రాజుగారి పొట్ట చూశాడు. ఎటునుంచి కొడితే బాగుంటుందా అని తల పక్కకి వంచి కొలత చూసుకుంటున్నాడు.

"ఆగరా!" అని రాజు అరిచాడు. పొట్ట ఉబికింది. వేలికిందనుంచి ముత్యం ఒకటి జారి టక్కున పడింది.

"అరవకండి ప్రభూ" అంది ఐతమ్మ. "అరిస్తే నా పట్టు జారుతుంది."

రాజు గొంతు తగ్గించాడు. "ఆగు" అన్నాడు గుసగుసగా. ఆయన జన్మలో అంత మెల్లగా మాట్లాడటం అదే మొదలు. "ఆ కత్తి అవతల పెట్టు. కొమ్మనా, ఏం చెయ్యాల్రా?"

"నాకేం తెలుసు ప్రభూ? ఆ వేలు తీస్తే మిగిలిన నెమలి పోతుంది. ఆ వేలు ఉంటే తమరి ఆజ్ఞ పోతుంది. రెంట్లో ఏది పోవాలో తమరే సెలవివ్వాలి."

రాజు బావ వంక చూశాడు. చెంగలరాజు మొహంలో అసూయ లేదు, ఆశా లేదు. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూస్తున్నాడు. ఆ చూపు ఉద్దండరాయుడికి ఎక్కడో తగిలింది. తల వంచి తన పొట్ట మీదున్న ఆ వేలు వంక చూశాడు. గోరు అరిగిపోయి ఉంది. చర్మం నిండా సూదిపోట్లు. తనని నరకబోతున్నవాడి అంగీ పాడైపోతుంటే తట్టుకోలేక పరిగెత్తుకొచ్చిన వేలు అది.

"నీకు భయం వెయ్యలేదూ?" అన్నాడు.

"ఎందుకు వెయ్యలేదు ప్రభూ? ఇప్పటికీ వేస్తోంది. కానీ అది రాలిపోతుంటే చూడలేకపోయాను."

రాజు ఊపిరి కూడా చూసి చూసి పీల్చాడు. చివరికి "ముడి వెయ్యి" అన్నాడు.

"ఎలా వెయ్యను? తమరు ఇంకా అనలేదు."

"దీని మొండితనం తగలెయ్యా!" అన్నాడు మంత్రి, నేల మీదనుంచే.

రాజు పెదాలు కదిపాడు. "పర... పరవాలేదు."

"పరవాలేదంటే ముడి పడదు ప్రభూ."

కొలువంతా మెడలు చాచి చూస్తోంది. ఉద్దండరాయుడికి చెమటలు పట్టాయి. ఆ మాట ఆయన గొంతులోంచి రావడానికి పడ్డ అవస్థ చెప్పలేను. మొహం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తోక సగం ఊడిపోయి బోడిగా నిలబడ్డ ఆ నెమలిని మళ్ళీ ఒకసారి చూసుకున్నాడు.

"బాగుంది" అన్నాడు. అన్న తరవాత ఎవరో కట్టు విప్పినట్టు మిగతావి కూడా వచ్చేశాయి. "చాలా బాగుంది తల్లీ. నిన్న చూడగానే బాగుంది. ఇంత అందమైనది నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఎలా కుట్టావో నాకు తెలీదు, కొస దాకా బాగుంది."

ఐతమ్మ ఎడమచేత్తో కొప్పులోని సూది తీసింది. మెలికలోంచి దారం లాగి, తిప్పి, బిగించి ముడి వేసింది. తల వంచి, రాజు పొట్ట దగ్గరే, పళ్ళతో దారం పుటుక్కున కొరికింది. రెండడుగులు వెనక్కి జరిగింది.

"ముడి పడింది ప్రభూ" అన్నాడు కొమ్మన చేతులు కట్టుకుని. "ఇంక నిక్షేపంగా వేలు నరికించుకోవచ్చు."

తలారి కత్తి అందుకోబోయాడు. ఉద్దండరాయుడు కొమ్మన వంక చూశాడు, తలారి వంక చూశాడు, నేల మీద ఇంకా లేవలేక పూసల మధ్య ఈదుతున్న మంత్రి వంక చూశాడు. ముందు ముక్కులోంచి చిన్న శబ్దం వచ్చింది. తరవాత పొట్ట కదిలింది. ఆ తరవాత ఇంక ఆగలేదు, సింహాసనం చేతులు పట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వాడు. ఎంత నవ్వినా ఒక్క పూస కూడా రాలలేదు.

"తలారీ, ఆ మొద్దు పట్టుకెళ్ళి వంటింట్లో పొయ్యిలో పెట్టించు" అన్నాడు నవ్వు మధ్యలో. "ఐతమ్మకి ఏటిగట్టు మాగాణి రాసివ్వండి. ఆ ఇంటి గుమ్మంలో అడుగు పెట్టిన భటుడెవడైనా నాకు జవాబు చెప్పాలి. బావగారూ, మీకూ ఒక నెమలి కావాలంటే ఆవిడనే అడగండి. ఇంక నాకొక్కడికే కుట్టాలని లేదు."

నవ్వు కాస్త తగ్గాక కొమ్మనని దగ్గరికి పిలిచాడు. "ఒరే, ఆ పోగు దానంతటది బయటికి రాలేదు. నాకు తెలుసు. ఒక్క సంగతి చెప్పు. నేను దాన్ని చూసి కూడా లాగకుండా ఊరుకుని ఉంటే ఏం చేసేవాడివి?"

"నేనే లాగేవాణ్ణి ప్రభూ."

"నిండు కొలువులో రాజు ఒంటి మీద చెయ్యి వేస్తే తల ఉండదని తెలీదూ?"

"తెలుసు. అందుకే పొద్దున్న బయల్దేరేముందు పిల్లల్ని లేపి ముద్దు పెట్టుకుని, మా ఆవిడకి చెప్పే వచ్చాను."

రాజు నవ్వు ఠక్కున ఆగిపోయింది. ఐతమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నిన్న తను పెట్టిన శాపాలన్నీ గుర్తొచ్చినట్టున్నాయి, కళ్ళు చెమ్మగిల్లాయి. వెక్కిరించే మనిషనీ, వెన్నెముక లేని మనిషనీ అందరూ అనుకున్న కొమ్మన, ఏమీ అననట్టే నిలబడి ఉన్నాడు.

ఉద్దండరాయుడు లేచాడు. మెల్లగా అంగీ గుండీలు విప్పించుకున్నాడు. ఈ లోకంలో తన ఒంటి మీద తప్ప ఇంకెక్కడా ఉండకూడదన్న అంగీని తనే తీసి, తనే కొమ్మనకి తొడిగాడు. వాడి బక్క ఒంటికి అది మోకాళ్ళ కిందికి దిగింది, చేతులు ఎక్కడున్నాయో కనబడలేదు. నిండు కొలువులో, బావ ఎదురుగా, ఉత్త లోచొక్కాతో నిలబడ్డాడు మరువకొండ మహారాజు. చెంగలరాజు ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి ముందు తను నవ్వాడు. ఆ వెంటనే రాజూ నవ్వాడు, మళ్ళీ మొదట్నుంచీ.